మూడో జాడింపు

మార్చి 3, సోమవారం

నోటీసు బోర్డు మీద నా ఫొటో పెట్టారు.

కింద "నీటి పొదుపులో మొదటి విభాగం: లాండ్రీ" అని టైపు చేసి ఉంది. విభాగమంటే నేనూ, రెండు మెషిన్లూ, ఒక ఇస్త్రీ బల్లా. ఫొటోలో కళ్ళు మూసుకున్నాను. అయినా మూడుసార్లు వెళ్ళి చూసుకొచ్చాను. మూడోసారి ఎవరో వస్తుంటే పక్కనున్న క్యాంటీన్ టైమింగులు చదువుతున్నట్టు నిలబడ్డాను.

మాది మాత్రల కంపెనీ. ప్యాకింగ్ హాలులో అరవై మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. వాళ్ళ తెల్లకోట్లూ టోపీలూ ఉతికేది నేనే, ఇరవై రెండేళ్ళుగా. జనవరిలో నీళ్ళకు కటకట వచ్చి, ప్రతి విభాగం వాడకం తగ్గించాలని సర్క్యులర్ వచ్చింది. అందరూ తలలు పట్టుకున్నారు. నేను మూడుసార్లు జాడించే చోట ఒక్కసారే జాడించాను. తెలుపు తగ్గకూడదని పౌడరు ఒక కప్పు బదులు రెండు కప్పులు వేశాను. ఆ కిటుకు ఎవరికీ చెప్పలేదు. టోపీలు ఇదివరకటికంటే తెల్లగా వస్తున్నాయి. కట్ట విప్పితే హాలంతా సువాసన.

గర్వం మంచిది కాదు. ప్రార్థనలో ఆ మాటే చెప్పుకున్నాను. చెప్పుకుంటూ ఉంటే మళ్ళీ ఫొటో గుర్తొచ్చింది.

మార్చి 5, బుధవారం

మా తోడికోడలి పేరు లైన్ లీడర్ పోస్టుకి వెళ్ళింది!

మా మరిది భార్య. మా పై అంతస్తులోనే ఉంటారు. తొమ్మిదేళ్ళ కిందట నేనే చెప్పి ప్యాకింగులో చేర్పించాను. తోడికోడళ్ళంటే లోకమంతా ఏదేదో ఊహించుకుంటుంది గానీ, నేను దాన్ని చెల్లీ అనే పిలుస్తాను, అది నన్ను అక్కా అంటుంది, అంతే. ఈ సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా మెట్లు దిగి వచ్చింది. పోస్టు ఒక్కటే, పేర్లు రెండు, ఇరవై నాలుగున ఇంటర్వ్యూ. పదో తరగతి తప్పినదాన్ని, నన్నేం అడుగుతారక్కా, అడిగితే నోరు పెగులుతుందా అంది. నీ నోటితో వాళ్ళకేం పని, చేతులు చూస్తారు అన్నాను. నిజం. హాలు గోడ అద్దంలోంచి ఎన్నిసార్లు చూశానో. అందరి చేతులూ మాత్రల అట్టలు పెట్టెల్లో పెడతాయి. దాని చేతులు మాత్రం వాయించినట్టు ఉంటాయి.

మాట్లాడుతూ మాట్లాడుతూ చెవి వెనక గోక్కుంది. ఏమిటే అంటే, నెల రోజులుగా ఒకటే దురద అంది. చుండ్రేమో చూడక్కా అని తల వంచింది. పాయలు తీసి లైటు కింద చూశాను. చుండ్రు లేదు. ఒక్క పొలుసు లేదు. కుదుళ్ళు కాస్త ఎర్రగా ఉన్నాయి, అంతే.

మార్చి 8, శనివారం

అయ్యో. చెల్లి పేరు చేతుల రిజిస్టరులో పడింది.

మా హాలులో రూలు ఇది. గ్లౌజు వేసుకున్న చెయ్యి తలకి గానీ మొహానికి గానీ తగిలితే ఆ బల్ల మీద పనంతా ఆపాలి. ఆ మనిషి బయటికి వెళ్ళి చేతులు కడుక్కుని, గ్లౌజులు మార్చుకుని, రిజిస్టరులో సంతకం పెట్టి రావాలి. నెలలో మూడు సంతకాలు పడితే ప్యాకింగ్ నుంచి తీసి అట్టపెట్టెల గోడౌనుకి పంపిస్తారు. అక్కడికి పోయినవాళ్ళు మళ్ళీ హాలులోకి వచ్చింది నేను చూడలేదు. లైన్ లీడర్ మాట ఇక ఎత్తనక్కర్లేదు.

తొమ్మిదేళ్ళలో దానికిది మొదటి సంతకం. సూపర్‌వైజరుకి ఆడవాళ్ళు పెట్టిన పేరు గడియారం, మాట్లాడుతున్నంతసేపూ మణికట్టు చూసుకుంటాడు కాబట్టి. ఏమ్మా, నాయకురాలివి కాబోతూ నువ్వే బల్ల ఆపితే ఎట్లా, నాలుగు నిమిషాలు పోయాయి అన్నాడట. ఎవరో కిసుక్కున నవ్వారట. అదే తట్టుకోలేకపోయింది పిచ్చిది.

మార్చి 9, ఆదివారం

ఈరోజు దురద లేదంది. సెలవు రోజు మనసు ప్రశాంతంగా ఉంటుంది, అందుకే అన్నాను. ఇద్దరం కలిసి ప్రార్థన చేసుకున్నాం. నేను దాని ఇంటర్వ్యూ కోసం అడిగాను. అది తన తల కోసం అడిగిందట.

మార్చి 11, మంగళవారం

రాయడానికే సిగ్గుగా ఉంది.

మధ్యాహ్నం టోపీల కట్ట ఇవ్వడానికి వెళ్ళేసరికి, హాలు గుమ్మం దగ్గర కంపెనీ నర్సు మా చెల్లిని స్టూలు మీద కూర్చోబెట్టి పేల దువ్వెన పెట్టి తల దువ్వుతోంది. తెల్లకాగితం పరిచి, దాని మీద దులిపి, కళ్ళద్దాలు సర్దుకుని మరీ చూస్తోంది. చుట్టూ షిఫ్టు మారే ఆడవాళ్ళు. బల్ల మీద పక్కన కూర్చునేవాళ్ళే ఫిర్యాదు చేశారట, మాకూ అంటుకుంటాయి అని. ఒకావిడ, ఇంట్లో ఎంతమంది పడుకుంటారమ్మా ఒకే మంచం మీద అని అడిగింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను, చేతుల్లో నలభై టోపీలతో. నా గొంతు మామూలుగానే చిన్నది. ఆ వేళ అసలు రానేలేదు.

పేలూ లేవు, గుడ్లూ లేవు. నర్సు కాగితం ఎత్తి అందరికీ చూపించింది. అయినా భోజనాల దగ్గర చెల్లి పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. వెళ్ళి నేను కూర్చున్నాను.

మార్చి 12, బుధవారం

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. మనిషి చిన్నదే, ఓపిక పెద్దది. భూతద్దం పెట్టి తలంతా చూసి, చుండ్రు లేదు, సోరియాసిస్ లాంటివి లేవు, పేలు అసలే లేవు అంది. మరి ఏమీ లేకుండా దురదేమిటి డాక్టరుగారూ, నాకేమన్నా పిచ్చా అంది మా చెల్లి. డాక్టరమ్మ నవ్వి, చుండ్రు లేని దురద చాలామందికి వస్తుంది, తల చర్మం కూడా చర్మమే కదా, పడనిది తగిలితే గోల పెడుతుంది అంది. తర్వాత ఒక్కొక్కటే అడిగి కాగితం మీద కొట్టేస్తూ పోయింది. జుట్టుకి రంగు వేస్తారా? లేదు. షాంపూ మార్చారా? లేదు. సువాసన నూనెలు? లేవు. మరీ వేడినీళ్ళు పోసుకుంటారా? ఆ, కాస్త. రోజూ తలస్నానమా? ఈమధ్య దురదకి రోజూ. అలా అయితే తల ఎండిపోయి ఇంకా ఎక్కువవుతుంది అంది. దిగులు ఉందా? అక్కడ చెల్లి నావైపు చూసింది. తలగడ గలీబు, దువ్వెన, హెల్మెట్ అన్నీ అయ్యాయి.

చివరికి, పనిలో తలకి ఏమన్నా పెట్టుకుంటారా అని అడిగింది. చెల్లి నోరు తెరిచేలోపే నేను చెప్పాను. టోపీ పెట్టుకుంటుంది డాక్టరమ్మా, అది నేనే ఉతుకుతాను, అంత శుభ్రమైన గుడ్డ మీ ఆస్పత్రిలో కూడా ఉండదు, నీళ్ళ పొదుపులో మొదటి విభాగం మాది అన్నాను. డాక్టరమ్మ, అయితే సరే అని టోపీ కొట్టేసింది.

సువాసన లేని మెత్తటి షాంపూ, అదీ వారానికి రెండుసార్లే. గోరువెచ్చని నీళ్ళు. బాగా జాడించాలి. గోళ్ళు కత్తిరించుకోవాలి. దురద పుట్టినప్పుడు గోకకుండా చల్లటి తడిగుడ్డ అద్దాలి. ఒక లోషను రాసింది. రెండు వారాల్లో తగ్గకపోతే మళ్ళీ రమ్మంది.

రెండు వారాలు! ఇంటర్వ్యూకి పన్నెండు రోజులే ఉంది.

మార్చి 13, గురువారం

గడియారం చెల్లిని సెలవు మీద పంపించాడు. మంగళవారం దాకా ఇంట్లో ఉండి తల బాగుచేసుకుని రా అన్నాడట. కనికరమో, అవతలి పేరుకి దారి ఇవ్వడమో తెలియదు.

మార్చి 16, ఆదివారం

తగ్గింది! మూడు రోజులుగా ఒక్కసారి కూడా గోక్కోలేదట. లోషను సీసా మూత తియ్యనేలేదంది. ఎర్రదనం కూడా పోయింది, నేనే చూశాను. నా ప్రార్థన అని నేను, డాక్టరమ్మ షాంపూ అని అది, ఆ గడియారానికి దూరంగా ఉండటం అని మా మరిది. ఎవరి పిచ్చి వాళ్ళకి ఆనందం.

మార్చి 19, బుధవారం

ఉదయం ఏడున్నరకి నవ్వుతూ వెళ్ళింది. పదకొండు నలభైకి రెండో సంతకం.

ఇంటికొచ్చి మా వంటింట్లో కింద కూర్చుండిపోయింది. చెయ్యి నాది కాదక్కా, దానంతటదే లేచింది, కళ్ళెదురుగానే లేచింది అని ఏడ్చింది. ఇంకొక్క సంతకం పడితే గోడౌనే.

అది పైకి వెళ్ళాక మా ఆయన అన్న మాట ఇది. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. ఏది ఎక్కడ ఆగిపోతుందో చూసి జబ్బు చెప్పడం ఆయన పని. ఇంట్లో ఉంటే లేదు, అక్కడికెళ్తే ఉంది, అంటే జబ్బు తలలో లేదే, అక్కడేదో తలకి తగులుతోంది, ఆ టోపీ సంగతేమిటో చూడు అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళు. ఒక్క మరక, ఒక్క చిరుగు, ఒక్క ఫిర్యాదు లేదు. నోటీసు బోర్డు మీద ఫొటో ఉన్న మనిషిని పట్టుకుని టోపీ సంగతి చూడు అంటారా? పెళ్ళయిన ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయనతో గట్టిగా మాట్లాడింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈరోజు ఇంకో వేలు కలిపాను. రేపు ఆ టోపీ నేనే పెట్టుకుని పొద్దస్తమానం ఉంటాను, సాయంత్రం తల విప్పి చూపిస్తాను అన్నాను. సరే, చూపించు అన్నారు, అన్నం కలుపుకుంటూ.

మార్చి 20, గురువారం

ఉదయం 8:10

పెట్టుకున్నాను. కట్టలో పైనున్నదే తీశాను, ఏరలేదు. లాండ్రీలో నాకు టోపీ అక్కర్లేదు, ఇంట్లో చేత్తో ఉతుక్కున్న నూలు స్కార్ఫ్ కట్టుకుంటాను. అది ఈరోజు సంచిలోనే ఉంది.

9:30

ఏమీ లేదు. హాయిగా ఉంది. వాసన కూడా బాగుంది. ఇంత బాగా ఉతుకుతానని పెట్టుకుంటే గానీ తెలియలేదు.

10:45

మెషిన్ల వేడికి చెమట పట్టింది. ఏమీ లేదు.

11:50

చెవి వెనక ఏదో పాకినట్టుంది. మనసు దాని మీదే ఉండబట్టి.

12:40

మనసు కాదు.

2:15

పెన్ను మూతతో గోక్కున్నాను. తలుపు వేసి మరీ. నుదుటి మీద ఎలాస్టిక్ ఉన్న చోటంతా చీమలు బారు కట్టినట్టుంది. నా చేతికి గ్లౌజు లేదు, నన్ను చూసేవాళ్ళు లేరు, రిజిస్టరు లేదు. అయినా ఆరు గంటలకే ఈ గతి. అది తొమ్మిదేసి గంటలు, రెండు చేతులూ బల్ల మీదే పెట్టుకుని ఎలా కూర్చుందో.

సాయంత్రం 6:20

ఇంటికి రాగానే ఖాళీ గాజు సీసా కడిగి, మంచినీళ్ళు పోసి, లాండ్రీ నుంచి తెచ్చిన ఇంకో ఉతికిన టోపీ అందులో ముంచాను. మూత పెట్టి ఊపాను.

నురగ.

పాల మీద వచ్చినట్టు మూత దాకా నురగ. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ పోశాను. మళ్ళీ నురగ. నాలుగోసారికి గానీ తేటపడలేదు. రెండు కప్పుల పౌడరు, ఒక్క జాడింపు. మిగిలిన సబ్బంతా గుడ్డలో ఎండి కూర్చుంది. చెమట తగిలితే కరిగి తలకి పడుతోంది. కోట్లు బట్టల మీద వేసుకుంటారు కాబట్టి ఎవరికీ తెలియలేదు. టోపీ ఒక్కటే ఒంటికి తగిలేది.

నేను సువాసన అనుకున్నది సబ్బు.

ఆయన సీసా వంక చూశారు, నా నుదుటి వంక చూశారు. తడిగుడ్డ పిండి తెచ్చి ఇచ్చారు.

మార్చి 21, శుక్రవారం

ముందు చెల్లికి చెప్పాను, పనికి వెళ్ళేటప్పుడు మెట్ల మీద. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఆ రోజు పేల దువ్వెన పెట్టినప్పుడు నువ్వు గుమ్మంలోనే ఉన్నావు కదక్కా అంది. అంతే. ముందు నడిచి వెళ్ళిపోయింది. ఈరోజు దానికి టోపీ నేను ఇంట్లో ఐదుసార్లు జాడించింది ఇచ్చాను. తీసుకుంది. నా మొహం చూడలేదు.

పదింటికి మేనేజరు గది దాకా వెళ్ళాను. లోపల ఎవరో ఉన్నారు. రెండింటికి వెళ్ళాను. లోపల ఎవరూ లేరు.

చెప్పలేదు.

తిరిగొస్తూ నోటీసు బోర్డు దగ్గర ఆగాను. కళ్ళు మూసుకున్న ఫొటో.

సాయంత్రం మాసిన టోపీలు తెచ్చుకోవడానికి ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళాను. మామూలుగా బుట్ట బయట పెడతారు, ఈరోజు పెట్టలేదు. తలుపు తియ్యగానే ఒక చప్పుడు. ఇరవై మంది టోపీలు పీకేసి రెండు చేతులతో బరబరా గోక్కుంటున్నారు. నన్ను చూసి అందరి చేతులూ ఒక్కసారి ఆగాయి. అందరి నుదుటి మీదా ఒకే ఎర్రగీత, కొలత పెట్టి గీసినట్టు, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మీ తోడికోడలి నుంచి అంటుకుంది పెద్దక్కా, మీతో ఎలా చెప్తాం అంది ఒకావిడ. పేలున్నాయా నీ తలలో అన్నాను. లేవంది. మరి ఏం అంటుకుంది అన్నాను. రిజిస్టరు భయానికి అందరూ బిగపట్టుకుని ఇక్కడికొచ్చి గోక్కుంటున్నారు. పట్టుబడింది ఒక్కత్తే.

బుట్ట ఎత్తుకుని బయటికొచ్చాను. ఇంక ఆ ఫొటోని చూడలేను.

మార్చి 22, శనివారం

చెప్పాను.

ఇంట్లో నుంచి సీసా, టోపీ సంచిలో పెట్టుకుని వెళ్ళాను. ప్రార్థనలో ధైర్యం అడగలేదు, గొంతు అడిగాను. మేనేజరూ గడియారమూ ఇద్దరూ ఉన్నారు. మొదటిసారి చెప్తే మేనేజరు వినబడట్లేదమ్మా అన్నాడు. రెండోసారి చెప్తే, గడియారం మణికట్టు చూసుకుంటూ, సెలవు కావాలంటోంది సార్ అన్నాడు. మూడోసారి, ఆ గదిలో నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆడవాళ్ళ తల దురదకి కారణం నేను ఉతికిన టోపీలండీ, జాడించడం తగ్గించాను, పౌడరు రెండింతలు వేశాను, రిజిస్టరులో మా చెల్లి పెట్టిన సంతకాలు నావి అన్నాను.

మాట చాలదని సీసాలో నీళ్ళు పోసి, టోపీ వేసి, వాళ్ళ బల్ల మీదే ఊపాను. నురగ మూత సందులోంచి కారి ఏవో ఫైళ్ళ మీద పడింది. గడియారం మణికట్టు వదిలేసి నా మొహం చూడటం అదే మొదటిసారి.

మేనేజరు చెడ్డవాడు కాడు. అమ్మా, మీ ఫొటో బోర్డు మీద ఉంది, పైవాళ్ళు కూడా చూసి వెళ్ళారు, పౌడరు నాసిరకం వచ్చిందని రాసేద్దాం, కొత్త పౌడరు తెప్పిద్దాం, మీరూ మాట పడరు, మేమూ పడం అన్నాడు. మనసు ఒక్క క్షణం అటు వాలింది. దేవుడు చూశాడు, కాబట్టి ఇక్కడ కూడా రాస్తున్నాను. కానీ పౌడరు మంచిదే కదా. పౌడరు మంచిదే సార్, కప్పులు వేసింది నేను అన్నాను.

అయితే మెమో ఇవ్వాలి అన్నాడు. ఇవ్వండి అన్నాను. ఈ నెల రిజిస్టరులో తల తాకిన సంతకాలన్నీ కొట్టేయమని కూడా అడిగాను. అడగలేదు, రాసి ఇవ్వమన్నాను. ఇచ్చాడు.

బోర్డు మీద నుంచి ఫొటో నేనే తీశాను. గుండుసూదులు నాలుగూ తిరిగి బోర్డుకే గుచ్చాను. పది మంది చూస్తున్నారు. తల వంచుకోలేదు. ఎందుకో తెలియదు, ఫొటో పెట్టిన రోజు కంటే ఈరోజే నడక తేలిగ్గా ఉంది.

మధ్యాహ్నం నుంచి రెండు వందల నలభై టోపీలు మళ్ళీ వేశాను.

మార్చి 23, ఆదివారం

ఉదయం పదింటికి టోపీలన్నీ పూర్తయ్యాయి. తాళం తీసి ఇచ్చిన వాచ్‌మన్, ఆదివారం కూడా ఇదేం పట్టుదల పెద్దక్కా అన్నాడు. ఇది పట్టుదల కాదు, పరిహారం అన్నాను.

ఒక సంగతి కనిపెట్టాను. పౌడరు అసలు కప్పు కూడా అక్కర్లేదు, ముప్పావు చాలు. మూడో జాడింపు నీళ్ళు తేటగానే ఉంటాయి. వాటిని డ్రమ్ములో పట్టి, తర్వాతి వాయికి మొదటి నీళ్ళుగా వాడొచ్చు. జనవరిలో కూర్చుని పది నిమిషాలు ఆలోచించి ఉంటే తెలిసేది. ఆలోచించలేదు, ఎందుకంటే నాకు తెలియనిది ఉందనుకోలేదు. దీని గురించి ఎవరికీ గొప్పగా చెప్పను. ఇక్కడ మాత్రం రాసుకుంటాను: నీళ్ళు మిగులుతూనే ఉన్నాయి, నురగ రావట్లేదు, తెలుపు తగ్గలేదు. ఎంత చక్కగా వచ్చాయో!

మూడింటికి చెల్లి కిందికి దిగింది. రెండు రోజులుగా మాట లేదు. భుజం మీద తువ్వాలు, చేతిలో డాక్టరమ్మ రాసిన షాంపూ. గుమ్మంలో నిలబడి, రేపు ఇంటర్వ్యూ, తల రుద్దుతావా అంది. నీళ్ళు పెట్టాను. మోచేతి మీద పోసుకుని చూశాను, గోరువెచ్చగానే ఉన్నాయి. స్టూలు మీద తల వంచి కూర్చుంది. గోళ్ళు తగలకుండా వేళ్ళ కొసలతో రుద్దాను. చెవుల వెనక, మెడ మీద, నుదుటి అంచున. ఎర్రగీత దాదాపు పోయింది. చెంబుతో పోస్తూ ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టాను.

ఇంకోటి పొయ్యి, నీ లెక్క మీద నాకు నమ్మకం లేదు అంది, నీళ్ళ కింద నుంచి.

పోశాను. నవ్వుతోందని వీపు ఊగడం చూసి తెలిసింది. నాకు నవ్వు రాలేదు, వేరేది వచ్చింది. నీళ్ళు కారుతున్నాయి కాబట్టి కనబడలేదు.

మార్చి 24, సోమవారం

ఇంటర్వ్యూ అయింది. పన్నెండు నిమిషాలట, గడియారం లెక్క.

నోరు పెగిలింది. మీ బల్ల మీద ఎవరి చెయ్యన్నా తలకి తగిలితే మీరేం చేస్తారు అని అడిగారట. బల్ల ఆపుతాను, గ్లౌజులు మార్పిస్తాను, సంతకం పెట్టిస్తాను, కానీ ఆ మనిషిని పక్కకి తీసుకెళ్ళి ఎందుకు దురద అని అడుగుతాను, రెండో మనిషికి కూడా ఉంటే తల చూడను, టోపీ చూస్తాను అందట. మేనేజరు పెన్ను పెట్టి రాసుకున్నాడట.

నేను చెప్పిన మాట ఒక్కటి కూడా అందులో లేదు. అన్నీ దానివే.

మార్చి 26, బుధవారం

మెమో వచ్చింది. ఇరవై రెండేళ్ళలో మొదటిది. "నిర్లక్ష్యం" అని రాశారు. అది ఒప్పుకోను, నిర్లక్ష్యం కాదు, గర్వం. కానీ మెమోలో ఆ పదం వాడరనుకుంటాను. సంతకం పెట్టి కాపీ తీసుకున్నాను. ఫొటో ఉన్న కవరులోనే పెట్టాను. మా ఆయన చూసి, రెండిట్లో ఏది ఫ్రేము కట్టించమంటావు అన్నారు.

బట్టలు మార్చుకునే గదిలో చప్పుడు లేదు. నెమ్మదిగా తలుపు తీసి చూశాను. దువ్వుకుంటున్నారు, అంతే. ఆ రోజు మంచం గురించి అడిగినావిడ మా చెల్లి జడకి రబ్బరు బ్యాండు పెడుతోంది.

మార్చి 28, శుక్రవారం

దానికే ఇచ్చారు.

ఏప్రిల్ 1, మంగళవారం

మా చెల్లి ఈరోజు నుంచి లైన్ లీడర్. టోపీ అంచుకి నీలం పట్టీ ఉంటుంది. ఆ పట్టీ నేను కుట్టాను. మూడుసార్లు విప్పి కుట్టాను. అద్దంలోంచి చూశాను. బల్లల మధ్య నడుస్తోంది. చేతులు వెనక్కి కట్టుకుంది, మా అత్తగారు నడిచినట్టు. గడియారం ఏదో చెప్పబోతే ఒక్క నిమిషం సార్ అని చెయ్యి చూపించింది. ఆయన ఆగాడు! ఆ మనిషి నిమిషాన్ని ఆపినవాళ్ళు ఇంతవరకూ లేరు.

అది పెట్టిన మొదటి రూలు ఇదట. రోజూ కట్టలోంచి ఒక టోపీ తీసి, సీసాలో ముంచి, ఊపి చూశాకే మిగిలినవి పంచాలి. నురగ కనబడితే కట్ట మొత్తం వెనక్కి. ఎవరు ఉతికినా సరే అందట, నవ్వకుండా.

ఏప్రిల్ 3, గురువారం

ఉదయం 7:50

నలభై టోపీలు వెనక్కి వచ్చాయి. పైన చీటీ. "ఎలాస్టిక్ మడతలో సబ్బు ఉంది. దయచేసి మళ్ళీ జాడించగలరు." కింద దాని సంతకం.

తీసి చూశాను. ఉంది, గోరంత.

జాడిస్తున్నాను. ఇంత గర్వం దేవుడు క్షమిస్తాడో లేదో.